వెనక వైపర్ విప్పడం తేలికే, చిల్లు మూయడమే అసలు పని

వానాకాలం దగ్గర పడుతుంటే వెనక అద్దం వైపర్ గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. బరంపురం నుంచి సిరొంచ దాకా, ఒడిశా, మహారాష్ట్ర హద్దు జిల్లాల్లోని తెలుగు పాఠకులు అడిగినవి ఈసారి ఒకచోట ఇస్తున్నాం. అన్నీ హ్యాచ్‌బ్యాక్ కార్ల ప్రశ్నలే. పేర్లు వేయకుండా ఊళ్లు మాత్రం వేశాం.

పర్లాకిమిడి నుంచి: మా చిన్న కారు పాతబడింది. వెనక వైపర్ ఏడాదిగా కదలడం లేదు. కొత్త మోటారు కొనే ఉద్దేశం లేదు. ఆర్మ్, మోటారు మొత్తం తీసేసి ఆ చోటు మూసెయ్యాలని ఉంది. ఇంటి దగ్గర చేసుకోవచ్చా? ఏమేం కావాలి?

చేసుకోవచ్చు. ఒక పూట పని. కాకపోతే మోటారు నిజంగా చచ్చిందో లేదో ముందు తేల్చుకోండి. కారు పైకప్పుకూ డిక్కీ తలుపుకూ మధ్య మడతల రబ్బరు గొట్టం ఒకటి కనిపిస్తుంది. వైర్లన్నీ అందులోంచే వస్తాయి. తలుపు తీసి వేసిన ప్రతిసారీ అవి వంగుతాయి, కొన్నేళ్లకు లోపలే తెగుతాయి. నంబరు ప్లేటు దీపం, పైనున్న మూడో బ్రేకు దీపం కూడా అప్పుడప్పుడూ ఆగిపోతుంటే అనుమానం అక్కడే పెట్టుకోవాలి. డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ పలక, అంటే ట్రిమ్, విప్పాక మోటారు కనెక్టర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ (కరెంటు వస్తే వెలిగే చిన్న దీపం) పెట్టి, తాళం ఆన్ చేసి, వైపర్ స్విచ్ వేసి చూడండి. అక్కడికి 12 వోల్టులు రాకపోతే మోటారు తప్పు కాదు. తెగిన వైరుకు అతుకు వేస్తే వైపర్ మళ్లీ తిరుగుతుంది, విప్పే పనే ఉండదు.

కరెంటు వస్తున్నా మోటారు కదలకపోతే విప్పుదాం. కావలసినవి: 10, 13 నంబర్ల సాకెట్ పానాలు, కొనకు టేపు చుట్టిన చదును స్క్రూడ్రైవర్, స్టార్ స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ ట్రిమ్ పట్టీ, తుప్పు వదిలించే స్ప్రే, ఇన్సులేషన్ టేపు, వ్యాసం, మందం కొలిచే వెర్నియర్. మూయడానికి రబ్బరు ప్లగ్గు, పుల్లటి వాసన రాని న్యూట్రల్ రకం సిలికాన్, చిన్న డబ్బా జింక్ ప్రైమర్, టచప్ పెయింటు. నాలుగైదు ట్రిమ్ క్లిప్పులు ముందే కొని పెట్టుకోండి. పాత కార్ల క్లిప్పులు విరగకుండా రావడం అరుదు.

మొదట ఆర్మ్ సంగతి. ఆర్మ్ మొదట్లో ఉన్న ప్లాస్టిక్ మూతను గోటితోనో స్క్రూడ్రైవర్‌తోనో లేపితే నట్టు కనిపిస్తుంది. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి 10 నంబరు, కొన్నిటికి 13. నట్టు వదులు చేసి, షాఫ్టు (ఆర్మ్ తగిలించి ఉండే మోటారు కడ్డీ) కొసకు సమంగా వచ్చేదాకా తిప్పి ఆపండి, పూర్తిగా తియ్యకండి. అప్పుడు ఆర్మ్ మొదలు పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ లాగితే వదులుతుంది. నట్టు అలా ఉంటే మరలు పాడవవు, ఆర్మ్ ఒక్కసారిగా ఊడి అద్దానికి తగలదు. వెనక అద్దం టఫెన్డ్ రకం, అంటే వేడిచేసి గట్టిపరచినది. దానికి సన్నటి గీత పడితే ఏమీ కాదు గానీ, అంచు మీద గట్టి వస్తువు పోటు తగిలితే అద్దం మొత్తం రవ్వలైపోతుంది. అందుకే అద్దాన్ని ఆనుకుని స్క్రూడ్రైవర్‌తో ఎత్తే పని ఎప్పుడూ వద్దు.

తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ తియ్యాలి. ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు. కొన్ని కార్లలో డిక్కీ తలుపుకు తాళం చెవి కన్నం ఉండదు, కరెంటుతోనే తెరుచుకుంటుంది. బ్యాటరీ తీగ తీశాక ఆ తలుపు మూస్తే బయట నుంచి తెరవలేరు. ముందే తలుపు తెరిచి ఉంచుకుని, గాలికి పడకుండా చూసుకోండి.

ట్రిమ్ విప్పేటప్పుడు పట్టుకునే గుంటలో, చిన్న మూతల కింద ఒకటి రెండు స్క్రూలు దాగి ఉంటాయి. వాటిని వదిలేసి పలకను లాగితే చెవులు విరుగుతాయి. స్క్రూలు తీశాక కింది అంచు నుంచి మొదలుపెట్టి, క్లిప్పు ఉన్న చోటికి దగ్గరగా పట్టీ దూర్చి, నేరుగా మీ వైపుకు లాగండి. చలికాలం పొద్దున్నే ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. కాస్త ఎండ తగిలాక చేస్తే మేలు.

లోపల మోటారు ఒక ఇనుప బ్రాకెట్‌తో, సాధారణంగా మూడు 10 నంబరు బోల్టులతో ఉంటుంది. బోల్టుల కింద రబ్బరు బుష్షులు, వాటిలో చిన్న లోహపు గొట్టాలు ఉంటాయి. తిరిగి బిగించాల్సి వస్తే కావాలి, దాచండి. కనెక్టర్ నాలుక నొక్కి లాగండి, వైరు పట్టుకుని లాగొద్దు. వైర్లు కత్తిరించవద్దు. వాటిలో ఒకదానికి తాళం ఆన్ చేసినప్పుడల్లా కరెంటు ఉండొచ్చు. వైపర్ స్విచ్ ఆపినా బ్లేడు తన చోటికి వచ్చి ఆగేది ఆ తీగ వల్లే. కనెక్టర్ నోటికి రెండు చుట్లు టేపు వేసి, నోరు కిందికి ఉండేలా వైర్ల కట్టకు (హార్నెస్‌కు) కట్టండి. వదిలేస్తే గతుకుల్లో రేకుకు కొట్టుకుని టకటకలాడుతుంది. ఆ చప్పుడు ఎక్కడిదో వెతకడానికి మళ్లీ ట్రిమ్ విప్పాలి.

మోటారు లోపలికి లాగాక చిల్లు మిగులుతుంది. కొన్ని మోడళ్లలో చిల్లు రేకులో, కొన్నిటిలో అద్దంలోనే ఉంటుంది. రేకు అయితే పాత రబ్బరు తీసి అంచు చూడండి. తుప్పు ఉంటే 220, తర్వాత 400 నంబరు ఉప్పుకాగితంతో తెల్లటి లోహం కనిపించేదాకా రుద్ది, ప్రైమర్, పెయింటు వేసి, పూర్తిగా ఆరనివ్వండి. చిల్లు వ్యాసం, రేకు మందం రెండూ వెర్నియర్‌తో కొలవాలి. ప్లగ్గు గాడి ఆ మందానికి సరిపోకపోతే పైకి బిగుతుగా కనిపిస్తుంది గానీ అంచు చుట్టూ నీరు లాగుతుంది. అంచు కింద సిలికాన్ పలచగా ఒక వలయంలా వేసి నొక్కండి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ రేకును తినేస్తుంది, అందుకే న్యూట్రల్ రకం. అది 24 గంటల్లో 2, 3 మిల్లీమీటర్ల మందమే గట్టిపడుతుంది. కాబట్టి దిట్టంగా పూయడం వల్ల లాభం లేదు.

అద్దంలో చిల్లు ఉన్న కారైతే రబ్బరు ప్లగ్గు ఒక్కటే మార్గం. ప్లగ్గు సరిపోలేదని చిల్లు అంచు అరగదీయడం మొదలుపెడితే అద్దం పోయినట్టే. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయలేం, తొలచలేం. బోల్టూ వాషరూ వేసి బిగించడం కూడా తప్పే. లోహం అద్దానికి నేరుగా తాకకూడదు.

ట్రిమ్ తిరిగి పెట్టే ముందు, మర్నాడు, పది నిమిషాలు పైపుతో నీళ్లు పోసి లోపల టార్చి వేసి చూడండి. చిల్లు కింద ఒక న్యూస్‌పేపర్ ముక్క అంటిస్తే చుక్క పడినా తెలుస్తుంది. ఇంకో పని మిగిలింది, వెనక అద్దానికి నీళ్లు చిమ్మే గొట్టం. దాని గురించి జయపురం పాఠకుడికి రాశాం, అదీ చదివాకే ట్రిమ్ మూయండి.

రాయగడ నుంచి: నట్టు తీసేశాను. ఆర్మ్ మాత్రం ఎంత లాగినా రావడం లేదు. సుత్తితో కొట్టమని ఒకరు, మంట చూపించమని ఇంకొకరు చెబుతున్నారు.

రెండూ వద్దు. షాఫ్టు ఉక్కుది, ఆర్మ్ తల ఎక్కువగా అల్యూమినియంతోనో జింకుతోనో పోత పోసినది. రెండు రకాల లోహాల మధ్య వాన నీరు నిలిస్తే తెల్లటి పొడిలాంటి తుప్పు పుట్టి పళ్ల మధ్య గట్టిపడుతుంది. పైగా షాఫ్టు కొస సన్నబడుతూ ఉంటుంది కాబట్టి బిగించే కొద్దీ ఆర్మ్ దాని మీద పట్టేస్తుంది. సుత్తి దెబ్బ నేరుగా మోటారు లోపలి గేరుకు చేరుతుంది, ప్లాస్టిక్ గేరైతే పళ్లు రాలతాయి. మంట పెడితే కింది రబ్బరు సీలు, పెయింటు పోతాయి, అద్దమూ పగలవచ్చు.

నట్టు మళ్లీ ఎక్కించి షాఫ్టు కొసకు సమంగా ఉంచండి. తుప్పు స్ప్రే కొట్టి ఇరవై నిమిషాలు ఆగి, ఆర్మ్‌ను అటూ ఇటూ ఊపి, మళ్లీ కొట్టండి. రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది. అప్పటికీ రాకపోతే రెండు కాళ్ల చిన్న పుల్లర్ కావాలి. బ్యాటరీ టెర్మినల్ ఊడదీయడానికి ఎలక్ట్రీషియన్లు వాడేది సరిపోతుంది. కాళ్లు ఆర్మ్ తల కింద పట్టించి, నడి స్క్రూ షాఫ్టు మధ్యలో ఆనించి, కొంచెం కొంచెం బిగించండి. పుల్లర్ బిగుసుకున్నాక ఆర్మ్ తల పక్క మీద చెక్క పిడితో ఒక చిన్న దెబ్బ తగిలిస్తే టక్కున వదులుతుంది.

ఒక మినహాయింపు చెప్పాలి. కొన్ని కార్లలో నీళ్లు చిమ్మే నాజిల్ షాఫ్టు నడుమ నుంచే వస్తుంది. షాఫ్టు మధ్యలో చిన్న ప్లాస్టిక్ బొడిపె కనిపిస్తే అదే. ముందు దాన్ని నిదానంగా లాగి తియ్యండి. లేదంటే పుల్లర్ స్క్రూ దాన్ని ముక్కలు చేస్తుంది.

మోటారు ఎలాగూ పారేసేదే అయితే హ్యాక్సా బ్లేడుతో ఆర్మ్ తలను ఒక పక్క నిలువుగా చీల్చి, చీలికలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పవచ్చు. గ్రైండర్ వాడేవాళ్లు అద్దం మీద తడి గోనెసంచి తప్పకుండా కప్పాలి. గ్రైండర్ నిప్పురవ్వలు అద్దంలోకి కాలి దిగబడి మచ్చలు చేస్తాయి, అవి పాలిష్‌కు పోవు.

జయపురం నుంచి: సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. పాత యజమాని వెనక వైపర్ తీయించి ప్లగ్గు పెట్టించాడు. వాన పడితే స్టెప్నీ గుంటలో నీళ్లు నిలుస్తున్నాయి. ప్లగ్గు రెండుసార్లు మార్పించాను, అయినా అంతే.

ప్లగ్గు రెండోసారి మార్చాక కూడా నీళ్లు వస్తున్నాయంటే దారి వేరే ఉంది. వైపర్ తీసిన కార్లలో మేము మొదట చూసేది నీళ్లు చిమ్మే గొట్టం. ముందు బానెట్ కింది ట్యాంకు నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం కారు పొడవునా వచ్చి, మడతల రబ్బరులోంచి డిక్కీ తలుపులోకి దిగుతుంది. మోటారుతో పాటు నాజిల్ కూడా తీసేసి గొట్టం కొస అలాగే వదిలేస్తే, ఎవరైనా పొరపాటున వెనక వాషర్ మీట తోసినప్పుడల్లా నీళ్లు తలుపు లోపలే పడతాయి. మెకానిక్ కొసకు ఒక స్క్రూ గుచ్చి వదిలేసినా కష్టమే. పంపు ఒత్తిడికి స్క్రూ నిలబడినా, గొట్టం మధ్యలో ఉన్న అతుకు ఊడుతుంది. ఆ అతుకు చాలా కార్లలో పైకప్పు గుడ్డ వెనకే ఉంటుంది. గుడ్డ మీద పసుపు మరక కనిపించేదాకా తెలియదు.

పరీక్ష తేలిక. ఎండ రోజున, వాన నీటితో సంబంధం లేకుండా, ఒకరు వెనక వాషర్ మీటను ఐదు సెకన్లు తోయాలి, ఇంకొకరు డిక్కీలో చెవి పెట్టి వినాలి. లోపల చప్పుడో చుక్కలో ఉంటే దొంగ దొరికినట్టే. మందు కొస దగ్గర కాదు, ట్యాంకు దగ్గర. వెనక గొట్టాన్ని పంపు నోటి దగ్గరే ఊడదీసి, ఆ నోటికి రబ్బరు టోపీ తొడిగి క్లిప్పు వెయ్యండి. వెనకకు వేరే పంపు ఉన్న కారైతే దాని కనెక్టర్ తీసేస్తే చాలు.

మీట తోసినా చప్పుడు లేకపోతే నీళ్లు పైనుంచే వస్తున్నాయి. డిక్కీలోని కార్పెట్, స్టెప్నీ తీసి గుంటను పొడిగా తుడవండి. ఒకరు లోపల టార్చితో కూర్చుని తలుపు మూసుకోవాలి. బయట నుంచి పైపు ధార సన్నగా పెట్టి, కింది నుంచి పైకి ఒక్కో చోటా మూడు నాలుగు నిమిషాలు తడపాలి. పైనుంచి మొదలుపెడితే నీరు కిందికి జారి అన్నిచోట్లా తడిసి ఎక్కడిదో తేలదు. వరస ఇలా పెట్టుకోండి: వెనక దీపాల గాస్కెట్లు, వైపర్ ప్లగ్గు, అద్దం అంచు, స్పాయిలర్ ఉంటే దాని బోల్టులు, మూడో బ్రేకు దీపం, చివరికి మడతల రబ్బరు. ప్లగ్గు వేసిన మెకానిక్ మడతల రబ్బరును తన గాడిలో సరిగా కూర్చోబెట్టకపోవడం మామూలే. పైకప్పు మీద పడ్డ నీరంతా దాని పక్క నుంచే పారుతుంది.

కోరాపుట్ వైపు ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే కార్లకు ఇంకో చిక్కు ఉంది. డిక్కీ తలుపు కింది అంచులో నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. మట్టి పేరుకుని అవి మూసుకుపోతే, అద్దం రబ్బరు దగ్గర దిగిన కొద్దిపాటి నీరు బయటికి పోలేక లోపలికి పొంగుతుంది. సన్నటి ప్లాస్టిక్ కేబుల్ టైతో పొడవండి. ఇనుప తీగ పెడితే పెయింటు గీరుకుపోయి తుప్పు మొదలవుతుంది. దారి దొరికేదాకా స్టెప్నీ గుంట అడుగున ఉన్న రబ్బరు బిరడా తీసి నీరు వదిలేయండి, ఎండాక తిరిగి పెట్టండి. పెట్టకపోతే రోడ్డు నీళ్లు అక్కడి నుంచే ఎగజిమ్ముతాయి.

బల్లార్షా నుంచి: మా వైపు బొగ్గు దుమ్ము ఎక్కువ. వెనక వైపర్ వేసినప్పుడల్లా అద్దం మీద విల్లులాంటి గీతలు పడుతున్నాయి. తీసేస్తే నయమా?

గీతలు పెడుతున్నది వైపర్ కాదు, దాని కింద నలిగే దుమ్ము. చంద్రపూర్ గనుల బొగ్గు ధూళిలోనూ, థర్మల్ కేంద్రం బూడిదలోనూ అద్దాన్ని గీసేంత గట్టి రేణువులు ఉంటాయి. పొడి అద్దం మీద బ్లేడు తిరిగితే అవి ఉప్పుకాగితంలా పనిచేస్తాయి.

అయినా మీకు మా సలహా, మోటారు తీయవద్దు. హ్యాచ్‌బ్యాక్ వెనక భాగం నిలువుగా తెగినట్టు ఉంటుంది. కారు పోతుంటే పైకప్పు మీదుగా వచ్చిన గాలి అంచు దగ్గర విడిపోయి, వెనక సుడి తిరుగుతుంది. ఆ సుడే రోడ్డు మీది దుమ్మునూ తడినీ ఎత్తి అద్దానికి కొడుతుంది. సెడాన్ కారుకు వెనక అద్దం వాలుగా ఉండి గాలి దాన్ని అంటుకుని జారుతుంది కాబట్టి అంత మురికి పట్టదు. అందుకే చాలా సెడాన్లకు వెనక వైపర్ ఉండదు, హ్యాచ్‌బ్యాక్‌కు ఇస్తారు. మీ రోడ్ల మీద వానాకాలంలో ఒక లారీ వెనక పది కిలోమీటర్లు పోతే, వైపర్ లేని హ్యాచ్‌బ్యాక్ వెనక అద్దంలోంచి ఏమీ కనిపించదు.

ఎండాకాలమంతా ఆర్మ్ ఒక్కటే తీసి దాచుకోండి, మోటారు అక్కడే ఉంటుంది. నట్టు తిరిగి షాఫ్టుకే ఎక్కించి, మరలకు కొంచెం గ్రీజు రాసి, పైన రబ్బరు టోపీ తొడగాలి. షాఫ్టు బోడిగా వదిలితే ధూళి సీలు మీద చేరి అరగదీస్తుంది, మొదటి వానకే నీరు షాఫ్టు వెంట మోటారులోకి దిగుతుంది. తీసేముందు అద్దం మీద బ్లేడు ఆగిన గీతకు కాగితపు టేపు అంటించి ఫోనులో ఫొటో తీసుకోండి. మృగశిర కార్తెకు ముందు తిరిగి అదే గీత మీద బిగిస్తే సరిపోతుంది. బిగించే ముందు మోటారును ఒకసారి తిప్పి ఆపాలి, షాఫ్టు తన చోటికి వచ్చి ఆగుతుంది. ఇది మరిచి బిగించినవాళ్ల వైపర్లు అద్దం దాటి రేకును గీరుతుంటాయి. నట్టును మరీ బిగించకండి. 8 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు. పొట్టి పానాతో ఒక చేత్తో బిగిస్తే దాదాపు అంతే వస్తుంది.

వాడే రోజుల్లో ముందు నీళ్లు, తర్వాతే వైపర్. ముందు వైపర్ నడుస్తుండగా రివర్స్ గేరు వేస్తే వెనక వైపర్ తనంతట తానే ఊగే కార్లు కూడా ఉన్నాయి. మీది ఆ రకమైతే పొడి దుమ్ములో ఆ సంగతి గుర్తుంచుకోండి. బ్లేడు రబ్బరు ఎండకు గట్టిపడుతుంది, ఏడాదికొకటి మార్చాలి. వెనక బ్లేడు కొలత సాధారణంగా 10 నుంచి 14 అంగుళాలు, కొనేముందు పాతది టేపుతో కొలవండి. కొక్కెం రకం కూడా చూసుకోవాలి, ముందు బ్లేడు కొక్కెం వెనక ఆర్మ్‌కు సరిపోదు.

సిరొంచ నుంచి: వెనక వైపర్ మోటారు తీయించాక, ముందు జాగ్రత్తగా దాని ఫ్యూజు కూడా పీకేశాం. ఇప్పుడు ముందు అద్దానికి నీళ్లు రావడం లేదు.

ఫ్యూజు తిరిగి పెట్టండి. చాలా మోడళ్లలో వెనక వైపర్, వాషర్ పంపు ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. ఫ్యూజు పెట్టె మూత వెనక ఉన్న పటంలో ఆ నంబరు ఎదురుగా ఏమేం రాశారో చూస్తే తెలుస్తుంది. వెనక మోటారుకు కరెంటు ఆపడానికి ఫ్యూజు అక్కర్లేదు, కనెక్టర్ ఊడదీసి టేపు చుట్టడమే చాలు.

ఫ్యూజు పెట్టాక కూడా నీళ్లు రాకపోతే మీట లాగి పంపు శబ్దం వినండి. శబ్దం ఉందంటే సమస్య నీటి దారిలో ఉంది. చిన్న కార్లలో ఒకే పంపుకు రెండు నోళ్లు ఉండడం పరిపాటి. పంపు ఒకవైపు తిరిగితే ముందుకు, వ్యతిరేకంగా తిరిగితే వెనకకు నీరు పోతుంది. మోటారు తీసేటప్పుడు పంపు కూడా కదిపి గొట్టాలు తారుమారుగా తొడిగి ఉంటే ముందు మీటకు నీళ్లు వెనక దారిలో, అంటే మూసేసిన దారిలో పోవాలని చూస్తాయి. రెండు గొట్టాలు మార్చి చూడండి. అవి సరిగానే ఉంటే పంపు లోపలి పలచటి రబ్బరు వాల్వు ఒకవైపు అంటుకుపోయి ఉండొచ్చు. ట్యాంకులో సబ్బు నీళ్లు, బోరు నీళ్లు పోసేవారికి ఇది తరచుగా వస్తుంది. పంపు ట్యాంకు రబ్బరులో గుచ్చి ఉంటుంది, లాగితే వస్తుంది. గోరువెచ్చటి మంచి నీటిలో ముంచి రెండు వైపులా నడిపితే చాలాసార్లు వదులుతుంది. నీళ్లు లేకుండా పంపును నడపకండి, కాలిపోతుంది.

సునాబెడ నుంచి: శీతకాలం మా దగ్గర పొగమంచు దట్టం. వెనక డీఫాగర్ ఉంటే వైపర్ లేకపోయినా నడుస్తుందా?

మంచుకూ ఆవిరికీ నడుస్తుంది, బురదకు నడవదు. డీఫాగర్ అద్దాన్ని వెచ్చబరచి తేమను ఆరబెడుతుంది. అంతకు మించి దాని వల్ల కాదు. వైపర్ తీసే పనిలో డీఫాగర్ గీతలు తెగకుండా చూసుకోవాలి. అవి అద్దం లోపలి వైపు ముద్రించినవి. లోపల అంటిన సీలెంట్‌నో స్టిక్కర్‌నో బ్లేడుతో గీకితే ఒక గీత తెగుతుంది, ఆ వరుస మొత్తం పనిచేయదు. డీఫాగర్ తీగలు అద్దం రెండు పక్కలా చిన్న రేకు నాలుకలకు తొడిగి ఉంటాయి. ట్రిమ్ లాగేటప్పుడు ఆ నాలుకలు అద్దం నుంచి ఊడివస్తే మామూలు టంకంతో అతకడం కష్టం.

బరంపురం నుంచి: వైపర్ తీసేస్తే ఫిట్‌నెస్‌లోనో చెకింగ్‌లోనో అభ్యంతరం చెబుతారా? ప్లగ్గు ఎక్కడ దొరుకుతుంది? డెంటింగ్ షాపువాళ్లు చిల్లు వెల్డింగ్ చేసి పుట్టీ పెడతామంటున్నారు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వైపర్ తప్పనిసరి అన్నది ముందు అద్దానికి. తక్కువ ధర వేరియంట్లు వెనక వైపర్ లేకుండానే షోరూముల నుంచి వస్తున్నాయి, కాబట్టి భయం అక్కర్లేదు. వారంటీ ఉన్న కారైతే మాత్రం వైర్ల జోలికి వెళ్లొద్దు, ఆర్మ్ తీసి టోపీ పెట్టడంతో ఆపండి. వైపర్ పోయింది కదా అని వెనక అద్దానికి నల్ల ఫిల్మ్ వేయించడం మాత్రం వేరే సంగతి. వెనక అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలని నియమం.

వెల్డింగ్ వద్దు. పక్కనే అద్దం, దాని రబ్బరు, వైర్లు ఉన్నాయి. వేడికి రేకు లోపలి వైపు పెయింటు కాలి, కనిపించని చోట తుప్పు పడుతుంది. గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో అది ఇంకా తొందరగా పడుతుంది. తలుపు మొత్తం పెయింటు వేయించాలి, ఆ రంగు పక్క రేకులతో కలవదు. రబ్బరు ప్లగ్గు మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే, తలుపు దడేల్‌మని వేసిన ప్రతిసారీ రబ్బరు కదిలి పుట్టీ చిట్లుతుంది.

ప్లగ్గుకు ముందు మీ కారు కంపెనీ పార్టుల కౌంటర్‌లో అడగండి. వైపర్ లేని వేరియంట్‌కు అదే చిల్లులో కంపెనీ బిరడా పెట్టే మోడళ్లు ఉన్నాయి. అది దొరికితే కొలతల గొడవే ఉండదు. మీ కారు ఛాసిస్ నంబరు చెప్పి, అదే మోడల్ బేస్ వేరియంట్ డిక్కీ ప్లగ్గు అని అడిగితే కౌంటర్‌లో వెతికి పార్ట్ నంబరు చెబుతారు. ఆ నంబరు రాసుకుంటే విశాఖలో తెప్పించినా, భువనేశ్వర్‌లో తెప్పించినా ఒకటే వస్తుంది. కంపెనీది లేకపోతే చిల్లు వ్యాసం, రేకు మందం కాగితం మీద రాసుకుని రబ్బరు సామాన్ల దుకాణానికి వెళ్లి ఎండకూ వానకూ తట్టుకునే ఈపీడీఎం రకం రబ్బరు ప్లగ్గు అడగండి. టైరు ట్యూబు కోసి చేసిన ముక్క ఒక వేసవికే పగుళ్లు తీస్తుంది.